వకీలు చదువు ఎక్కడ చదవాలె?

మాది నిజామాబాద్ జిల్లా ధర్పల్లి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. సర్కారు బడిలో పంతులు కొలువు చేస్తున్న. మా తాతముత్తాతలకు ఏ కాలేజీ తెల్వదు గని కోర్టు మాటలన్నీ తెలుసు. దర్ఖాస్తు, వకాల్తా, జమానతు, పంచనామా, గవాయి, ముద్దాయి, పేషీ, ఫైసలా, కబ్జా. చదువురాని మా నాయినమ్మ కూడా ఈ మాటలు తప్పులేకుండ వాడేది. నిజాం సర్కారు పోయి ఇన్నేండ్లయినా ఆ ఉర్దూ మాటలు మా నోళ్లల్ల అట్లనే ఉన్నయి. ఎందుకున్నయంటే అవి మేము చదువుకున్న మాటలు కావు, అనుభవించిన మాటలు. చట్టం మాటలు మాకొచ్చినయి, చట్టం మాత్రం రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక ఆడపిల్ల లా చదువుతానంటున్నది. మా అక్క బిడ్డ. ఎక్కడ చదవాలె, ఏ యూనివర్సిటీకి పేరున్నది, ఎక్కడ చదివితే విలువ అని నెల రోజులుగా మాట్లాడుతున్నాం. ఇట్లాంటి మాట మా ఇంట్లో మాట్లాడుకోవడం ఇదే మొదలు. అగ్రకులాల ఇండ్లల్ల ఈ మాట నూరేండ్ల కిందనే అయిపోయింది. అందుకే దీని చరిత్ర ఏమిటో రాద్దామనుకున్నాను.

హైదరాబాద్ సంస్థానంలో కోర్టు భాష ఉర్దూ. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు కూడా ఉర్దూలోనే చదువు చెప్పారు. ఒక దేశీయ భాషలో యూనివర్సిటీ చదువంతా చెప్పడం గొప్ప పనే. కాని అది ఈ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే పల్లెటూళ్లకు ఆ గేటు దూరమే. బడి గడపే తొక్కనియ్యని కులాలకు మరీ దూరం.

భాషతో పాటు పరువు ఎట్లా ముడిపడి ఉంటుందో 1921లో ఒక సంగతి జరిగింది. హైదరాబాద్‌లో సంఘ సంస్కార సభ. అధ్యక్షుడు కార్వే పండితుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలో మాట్లాడినంతసేపు సభ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడ లేచేసరికి చప్పట్లు కొట్టి, గోల చేసి కూచోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఈ కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, బళ్లో నేను కూడా చెబుతాను. చెప్పినప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది. వకీలు చదువు చదివిన మనిషికే తన భాష వల్ల అంత అవమానమైతే, ఆ సభ బయట చెప్పులు కుట్టేవానికి ఎంత అవమానం జరిగి ఉంటది? దాని మీద ఏ సంఘమూ పుట్టలేదా? పుట్టింది. అంతకు పదేండ్ల ముందే, 1911లో భాగ్యరెడ్డి వర్మ మన్యసంఘం పెట్టాడు. మాల మాదిగ పిల్లలకు తెలుగు బడులు తెరిచాడు. మేము పంచములం కాదు, ఆది హిందువులం అని సర్కారుకు దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టాడు. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. చేతిలో లా డిగ్రీ లేకుండానే ఒక జాతి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాడు ఆయన. ఆ చప్పట్ల కథ పక్కన ఈ కథ కూడా చెప్పాలె.

ఆ కాలంలో మన దిక్కు పెద్దోళ్లు లా ఎక్కడ చదివారో చూడండి. బూర్గుల రామకృష్ణారావు బొంబాయి యూనివర్సిటీలో చదివాడు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి వందల మంది విద్యార్థులను వెళ్లగొట్టారు. వాళ్లను నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకున్నది. పి.వి. నరసింహారావు నాగపూర్‌లోనే లా పట్టా పుచ్చుకున్నాడు. ఒక యూనివర్సిటీ తలుపు మూస్తే ఇంకో యూనివర్సిటీ తలుపు తెరిచింది. ఆ పోరాటాన్ని నేను తక్కువ చెయ్యను. కాని తలుపు మూసిన తెల్లారి రైలెక్కి ఇంకో రాష్ట్రం పోయి చదువుకోవాలంటే వెనుక పొలం ఉండాలె, ఇంటిపేరుండాలె, పోయిన చోట అన్నం పెట్టే చుట్టముండాలె. ఎక్కడ చదవాలె అని ఎంచుకునేవానికి ముందే రెండు మూడు దార్లు ఉంటయి. మాకు అసలు దారే లేదు కాబట్టి ఎంచుకునే బాధ కూడా లేకుండె.

అదే రోజుల్లో ఒక అంటరాని పిల్లగాడు ప్రపంచంలోనే పెద్ద పేరున్న యూనివర్సిటీలు ఎక్కివచ్చాడు. అంబేద్కర్ 1913లో బరోడా రాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద అమెరికాలో కొలంబియాకు పోయాడు. 1916లో లండన్ పోయి ఎకనామిక్స్ స్కూల్‌లోనూ, బారిస్టర్ చదువు కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరాడు. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో తిరిగొచ్చాడు. కొలంబియా చదువు చదివి వచ్చిన మనిషికి బరోడాలో కిరాయి గది దొరకలేదు. పార్శీల సత్రంలో ఉంటే కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. ఆఫీసులో బంట్రోతు కాగితాలు చేతికివ్వకుండ దూరం నుంచి విసిరేవాడు. యూనివర్సిటీ పేరు కులాన్ని దాచలేకపోయింది.

అయినా ఆయన చదువు ఆపలేదు. 1920లో మళ్లీ లండన్ పోయి 1922లో బారిస్టరయ్యాడు, 1923లో డి.ఎస్సీ. తీసుకున్నాడు. బొంబాయి హైకోర్టుకు వచ్చినప్పుడు కేసులు పంచే సొలిసిటర్లు ఈ బారిస్టరు ముఖం చూడలేదు. చిల్లర కేసులు వాదించుకుంట, పార్ట్ టైం పాఠాలు చెప్పుకుంట బతికాడు. తర్వాత బొంబాయి గవర్నమెంట్ లా కాలేజీలో పాఠాలు చెప్పాడు. 1935లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. 1953లో మన ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చి తన పేరు పెంచుకున్నది.

దీని నుంచి మాకు రెండు మాటలు అర్థమైతయి. ఒకటి, పేరున్న యూనివర్సిటీ మన కులాన్ని మరిపించదు. రెండు, అయినా పేరున్న యూనివర్సిటీ మనకు కావాలె. ఈ రెండు మాటలు ఒకదానికొకటి అడ్డం అనిపిస్తయి గని కావు. ఇంటిపేరు చెప్పంగనే కుర్చీ వేసేటోనికి యూనివర్సిటీ పేరు నగ లాంటిది. ఉంటే బాగుంటది, లేకున్నా నడుస్తది. ఇంటిపేరు చెప్పంగనే కుర్చీ వెనక్కి గుంజేటోళ్లున్న మాకు అది నగ కాదు, గొడుగు. వాన ఆగదు గని తల మీద కొంత తడవకుండ ఉంటది. అంబేద్కర్ తన పేరు వెనుక డిగ్రీలన్నీ ఎందుకు రాసుకున్నాడని వెక్కిరించినోళ్లను నేను చూసిన. వాళ్ల తాతల పేర్ల ముందు రాయబహద్దూర్, వెనుక రావు, దేశ్‌ముఖ్ ఉన్న సంగతి వాళ్లకు యాదికి రాదు.

ఇంకో మాట కూడా మరువొద్దు. అంత పేరున్న చదువులు చదివిన అంబేద్కర్ తన వాళ్ల కోసం కాలేజీ పెట్టాలనుకున్నప్పుడు ఎక్కడ పెట్టాడు? 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టి, కొలువు చేసుకునే పిల్లలకు అందేటట్టు పొద్దుగాల క్లాసులు నడిపించాడు. 1950లో ఔరంగాబాద్‌లో మిళింద్ కాలేజీ పెట్టాడు. ఔరంగాబాద్ అప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలోదే, చదువు అందని మరాఠ్వాడా ఇలాకా. కొలంబియా దాకా పోయిన మనిషి పిల్లలందర్నీ కొలంబియా పొమ్మనలేదు. కాలేజీనే వాళ్ల దగ్గరికి తెచ్చాడు.

తెలుగు నేలలో దామోదరం సంజీవయ్య కథ ఉన్నది. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన మాల పిల్లవాడు. మద్రాసు లా కాలేజీలో చదువుకుంట, బళ్లో లెక్కలు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నాడు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. 2008లో విశాఖపట్నంలో మొదలైన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే. పంతులు పని చేసుకుంట లా చదివినవాని పేరు మీద ఉన్న ఆ యూనివర్సిటీలోకి ఇవాళ ఒక కూలోని పిల్ల పోవాలంటే ఏమేం కావాలో కిందికి పోయినంక చెబుత.

ముందు మా నిజామాబాద్ సంగతి. మా జిల్లా అంటే అందరికీ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ యాదికొస్తది. 1937లో నిజాం పెట్టిన ఫ్యాక్టరీ. నిజాంసాగర్ నీళ్ల కింద చెరుకు, శక్కర్‌నగర్‌లో క్వార్టర్లు. చెరుకు నరికింది, బండ్లు నింపింది మావోళ్లు. మా మేనమామ అక్కడ సీజన్ కూలి. 2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటోళ్ల చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. కార్మికుల జీతాల పంచాయితీ అంతా లేబర్ కోర్టు, హైకోర్టు చుట్టూ తిరిగింది. ఆడోళ్లకేమో బీడీలు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి మా అక్క చేతి వేళ్లు అరిగిపోయినయి. ఆకు తక్కువిచ్చినా, ఛాట్ పేరు మీద కట్టలు తీసేసినా, పీఎఫ్ ఎక్కియ్యకున్నా అడగాలంటే చట్టం తెలిసినోళ్లు కావాలె. ఇక్కడ కూలి పనికీ కోర్టుకూ నడుమ దూరం తక్కువ, వకీలుకూ మాకూ నడుమ దూరం ఎక్కువ.

ఆ దూరాన్ని తగ్గించినవాడు బొజ్జా తారకం. కోనసీమలో 1939లో పుట్టినవాడు. ఆయన భార్య విజయభారతి గారికి నిజామాబాద్‌లో లెక్చరర్ ఉద్యోగం. ఆయన 1970లలో నిజామాబాద్ కోర్టులో వకీలుగా పనిచేశాడు. ఇక్కడ అంబేద్కర్ యువజన సంఘం పెట్టాడు. హోటళ్లల్ల రెండు గ్లాసుల పద్ధతి మీద, భూముల మీద, కూలి రేట్ల మీద ఊళ్ల పొంటి తిరిగాడు. ఎమర్జెన్సీలో జైలుకు పోయాడు. తర్వాత హైదరాబాద్ పోయి హైకోర్టులో గవర్నమెంట్ ప్లీడరయ్యాడు. 1985 జులైలో కారంచేడులో మాదిగలను నరికి చంపినప్పుడు ఆ పదవికి రాజీనామా చేసి ఉద్యమంలోకి వచ్చాడు. చుండూరు బాధితుల పక్షాన చివరిదాకా నిలబడ్డాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. 2016లో తారకం పోయాడు.

మామూలు మనిషికి తెలుగులో చట్టం చెప్పాలని ఆయన 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం రాశాడు. ఆ పుస్తకం మా ఇంట్లో ఉండేది. అట్ట చినిగిపోతే మా నాయిన సిమెంటు సంచి కాగితంతో అట్టేసిండు. ఆయనకు చదువు రాదు, నాతోని చదివిపిచ్చుకునేది. తారకం ఏ యూనివర్సిటీలో లా చదివాడని మా వాడకట్టులో ఒక్క మనిషి అడగంగ నేను వినలేదు. "మనోడు వకీలు" అన్నరు. అంతే. కోర్టు మెట్లు ఎక్కే భయం ఆ ఒక్క మాటతో సగం పోయింది.

ఆ భయం ఎంతదో మా ఇంటి సంగతితో చెబుత. 1970లల్ల మా తాతకు సర్కారు రెండెకరాల లావుణి పట్టా ఇచ్చింది. మా పెద్దత్త పెండ్లికి తెచ్చిన అప్పు కింద ఒక పటేలు ఆ భూమి పట్టుకున్నడు, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నడు. అసైన్డ్ భూమి అమ్మినా కొన్నా చెల్లదని, తీసుకొని మళ్లీ పేదోనికే ఇయ్యాలని 1977లోనే 9వ నంబరు చట్టం వచ్చింది. మా తాతకు ఆ సంగతి చెప్పినోడు లేడు. చాలా ఏండ్లకు ఒక సంఘం మీటింగుల మా నాయిన విన్నడు. పట్టణంలో ఒక వకీలు దగ్గరికి పోతే మా నాయినను గడప అవతల నిలబెట్టి మాట్లాడిండు. కాగితాలు నేలమీద పెట్టుమన్నడు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ వకీలు ఎక్కడ చదివిండో గోడ మీద ఫ్రేము కట్టి ఉండె. మంచి పేరున్న యూనివర్సిటే. తహసీల్దారు ఆర్డరు మాకే వచ్చింది గని అప్పీలు పేషీలు ఇప్పటికీ నడుస్తున్నయి. మా నాయిన లేడు, ఫైలున్నది.

గిరిరాజ్ కాలేజీలో డిగ్రీ అయినంక నాకు లా చదవాలని మస్తు ఉండె. గని ఇంటి మీద అప్పుండె. లా చదివితే మూడేండ్లు, ఆ తర్వాత ఒక సీనియర్ దగ్గర జీతం లేకుండ ఇంకో నాలుగైదేండ్లు. బీఈడీ అయితే డీఎస్సీ ఉన్నది. మొదటి తరం చదువు ఎప్పుడూ నౌకరీ దిక్కే పోతది, ఎందుకంటే ఇంట్ల పొయ్యి ఆగదు. రెండో తరానికి కొంచెం ఆగి ఆలోచించే సమయం దొరుకుతది. ఆ సమయమే మా జీతం మా పిల్లలకు కొనిచ్చింది.

ఇప్పుడు మా బిడ్డ ముందున్న దార్లు చూద్దాం. 1980ల చివర్ల బెంగుళూరులో మొదటి జాతీయ లా స్కూల్ వచ్చింది. 1998లో హైదరాబాద్ పక్కన శామీర్‌పేటలో నల్సార్ వచ్చింది. ఇంటర్ అయినంక ఐదేండ్ల చదువు. 2008 నుంచి వీటికి క్లాట్ అనే ఒకటే పరీక్ష. ఆ పరీక్ష ఇంగ్లీషులోనే. ఇప్పుడైతే ప్రశ్నలన్నీ పొడుగాటి ఇంగ్లీషు పేరాలు చదివి జవాబు చెప్పేవే. ఎస్సీ పిల్లలకు కూడా దరఖాస్తు ఫీజు 3,500 రూపాయలు. మా అక్క వెయ్యి బీడీల కూలి లెక్కేస్తే పది రోజుల పని కన్నా ఎక్కువ. సీటొస్తే ఏడాది ఖర్చు లక్షలల్ల. మన రాష్ట్రం పెట్టే లాసెట్ తెలుగులో కూడా రాయొచ్చు, ఎస్సీలకు ఫీజు 600. పరీక్ష భాష, పరీక్ష ఫీజు ఈ రెండే చాలు, ఎవరు ఎటు పోవాలో ముందే విడదీస్తయి. దాన్ని మెరిట్ అంటరు. 1918లో ఉర్దూ రానోనికి జరిగిందే ఇప్పుడు ఇంగ్లీషు రానోనికి జరుగుతున్నది.

మా బిడ్డ గురుకులంలో ఇంటర్ చదివినప్పుడు క్లాట్ రాసింది. సీటు వచ్చే ర్యాంకు రాలేదు. డిగ్రీ చేసింది. ఈసారి లాసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఇప్పుడు ఉస్మానియానా, డిచ్‌పల్లినా? డిచ్‌పల్లిలో ఉన్నది తెలంగాణ యూనివర్సిటీ. 2006లో పెట్టారు, మొదట మా గిరిరాజ్ కాలేజీలోనే క్లాసులు నడిచినయి. మా ఊరికి నిజామాబాద్ కన్నా డిచ్‌పల్లే దగ్గర.

మా అక్క అంటది: "డిచ్‌పల్లి అయితె పొద్దున పోయి మాపటికి ఇంటికొస్తది తమ్మీ. ఆడిపిల్ల." బోధన్ మేనమామ అంటడు: "ఉస్మానియా అంటె నలుగురు గుర్తుపడ్తరు. డిచ్‌పల్లి అంటె రైల్వే స్టేషనా అంటరు." ఆయన మాటలో నిజం లేకపోలేదు. హైకోర్టు, పెద్ద లైబ్రరీలు, సీనియర్లు, దళిత విద్యార్థి సంఘాలు అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నయి. మా అక్క మాటలోనూ నిజమున్నది. పేరున్న క్యాంపస్‌లు మా పిల్లలను కడుపులో పెట్టుకొని చూస్తయని ఎట్లా నమ్మాలె? 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల పోయిండు. ఆ యూనివర్సిటీకి పేరు తక్కువనా?

బిడ్డ మాత్రం వేరే ప్రశ్న వేసింది. "మామా, మన భూమి కేసు ఎక్కడ చదివితె గెలుస్తది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చట్టం లోపలికే పోవాలె. 1961లో అడ్వకేట్ల చట్టం వచ్చింది. అంతకు ముందు బారిస్టరు వేరు, వకీలు వేరు, ప్లీడరు వేరు, ముఖ్తారు వేరు. ఒక్కొక్కనికి ఒక్కో మెట్టు. ఆ చట్టం వచ్చినంక కొత్తగా వచ్చేటోళ్లందరిదీ ఒకటే పేరు, అడ్వకేటు. లండన్‌లో చదివినా, డిచ్‌పల్లిలో చదివినా సనదు ఒకటే, నల్లకోటు ఒకటే. కాగితం మీద ఇది నిజం. కాని సుప్రీంకోర్టు 1950లో మొదలైతే మొదటి దళిత జడ్జి వరదరాజన్ అక్కడికి రావడానికి 1980 దాకా పట్టింది. దళితుడు దేశ ప్రధాన న్యాయమూర్తి కావడానికి 2007 దాకా పట్టింది. ఆయన కె.జి. బాలకృష్ణన్, ఎర్నాకుళం లా కాలేజీ విద్యార్థి. రెండోసారి 2025లో గవాయి గారు అయ్యారు. యూనివర్సిటీ పేరు ఒక్కటే కాదు, ఎవని చాంబర్‌లో కూర్చోనిస్తరు, ఎవనికి కేసులిస్తరు అన్నది కూడా కులమే చెబుతున్నది. దాదాపు నూరేండ్ల కింద సొలిసిటర్లు బారిస్టర్ అంబేద్కర్‌కు కేసులియ్యలేదు. ఇవాళ ఆ పనికి వేరే మర్యాదైన పేర్లున్నయి.

అందుకే నేను బిడ్డకు చెప్పింది ఇది. వెబ్ ఆప్షన్లల్ల ఉస్మానియా మొదట పెట్టు, డిచ్‌పల్లి రెండోది పెట్టు. మొదటిది వస్తే భయం లేకుండ పో, హాస్టల్ ఖర్చు నేను చూసుకుంట. నీ తల్లి బీడీ కార్డు మీద వచ్చే స్కాలర్‌షిప్ కూడా అడుగుదాం. రెండోది వస్తే తల దించుకోకు. ఔరంగాబాద్‌లో కాలేజీ పెట్టినాయన లెక్కన చూస్తే డిచ్‌పల్లి చిన్నది కాదు. ఎక్కడ చేరినా ఇంగ్లీషు నేర్చుకో, ఎందుకంటే హైకోర్టు ఇంగ్లీషులో వింటది. తెలుగు విడవకు, ఎందుకంటే మా గవాయి తెలుగులో చెబుతది. నీ ఆఫీసుల గోడకు పట్టా ఫ్రేము కట్టుకో, కట్టుకోవాల్సిందే. కాని వచ్చినోళ్లకు దాని కింద కుర్చీ వెయ్యి.

యూనివర్సిటీలకు పేరు వాటంతట అవే రాలేదు. అక్కడ చదివి వచ్చినోళ్లు ఏం చేసిండ్రో చూసి జనం పెట్టిన పేర్లే అవి. నాగపూర్‌కు, మద్రాసుకు, బొంబాయికి పేరు అట్లనే వచ్చింది. మా పిల్లలు ఇప్పుడిప్పుడే చేరుతున్నరు. ఉస్మానియా అయినా డిచ్‌పల్లి అయినా, రేపు వాటి పేరు ఎంతదో మాదిగవాడలు, మాలపల్లెలు, బీడీ కార్ఖానాలు కూడా చెబుతయి. ఇన్నేండ్లు ఆ మాట చెప్పే హక్కు మాకు లేకుండె. ఇక ఉంటది.